కొండ మీద మొక్క పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పాడేరు దగ్గర పోడు సాగు కోసం అడవి నరికి కాల్చిన కొండల మీద మళ్లీ అడవి పెంచే పనిలో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. జూన్‌లో వానలు పడగానే మొక్కలు నాటించాలని హడావుడి పడుతున్నావట. ఆ ఏజెన్సీ కొండల్లో ఏళ్ల తరబడి రైతులతో తిరిగినవాణ్ని కాబట్టి నీకు పనికొస్తాయనుకున్నవి రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు భూమి సంగతి తేల్చుకో. గ్రామసభలో నువ్వు మొక్కల గురించి మాట్లాడుతుంటే వెనక కూర్చున్న పెద్దాయన ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ చెట్లు పెరిగాక భూమి మాదేనా, ఫారెస్టోళ్లదా?" దానికి జవాబు చెప్పకుండా ఒక్క గొయ్యి కూడా తవ్వించకు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం దగ్గర్నుంచి కొండ మీద హద్దులు గీసినప్పుడల్లా నష్టపోయింది గిరిజనులే. 1922లో అల్లూరి వెంట మన్యం కదలడానికి పోడు మీద పెట్టిన ఆంక్షలు కూడా ఒక కారణం. మొన్న 2019లో తెలంగాణలోని సార్సాలలో మొక్కలు నాటడానికి వెళ్లిన అటవీ సిబ్బంది మీద దాడి జరిగింది. దాన్ని ఎవరూ సమర్థించరు, కానీ ఆ గొడవ మొదలైంది కూడా భూమి దగ్గరే.

కాబట్టి 2006 అటవీ హక్కుల చట్టం బాగా చదువుకుని వెళ్లు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల వరకు, అంటే దాదాపు 10 ఎకరాల దాకా హక్కు పత్రం వస్తుంది. పెళ్లైనవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఇవ్వాలి. అమ్మడానికి వీల్లేదు, పిల్లలకు సంక్రమిస్తుంది. ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కు గ్రామసభకు ఉందని కూడా అదే చట్టం చెప్తోంది. పత్రం రాని ఇళ్లు ఏవో ముందే రాసుకుని, ఆ దరఖాస్తుల పని మొక్కల పనితో పాటే నడిపించు. కోస్టారికాలో వర్షారణ్యాన్ని నిలబెట్టిన రైతులకు 1997 నుంచి ప్రభుత్వం డబ్బు ఇస్తోంది. పెట్రోలు మీద పన్నులోంచి కొంత దానికి మళ్లించారు. మంచి పథకం. కానీ సరైన పట్టా లేని చిన్న రైతులకు మొదట్లో అది అందలేదు. మన కొండల్లోనూ కాగితం లేనివాళ్లే వెనకబడిపోతారు, చూసుకో.

ఇక నేను గట్టిగా చెప్పేది తిండి గురించి. ఆ వాలు మీద చోడి, సామ, కంది, వలిసెలు పండించుకుని బతుకుతున్న ఇల్లు అది. చెట్ల నీడన వేసే కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, పనసకు ఇంకా ఎక్కువ. అంతవరకు ఏం తినాలి? ఒక్కో ఇంటికీ వెళ్లి, ఈ నేల చెక్క మీద పండేది ఎన్ని నెలలకు సరిపోతుందని అడుగు. ఆడవాళ్లనే అడుగు, గాదె లెక్క వాళ్లకే తెలుస్తుంది. మొత్తం వాలు ఒకేసారి అడగకు. మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలిన పైభాగాన్ని ముందు చెట్లకు ఇమ్మను, కింది మెత్తటి నేల పంటకే ఉంచు. పడుచు మొక్కల మధ్య కంది, పసుపు, అల్లం పెట్టుకోనివ్వు. అడ్డాకులు, కొండచీపుర్లు, చింతపండు అమ్ముకునే సంతకు ఒక రోజు వాళ్లతో పాటు వెళ్లు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, అది ఏ సరుకు ఎంతకు కొంటోంది, బయటి వ్యాపారి ఎంత ఇస్తున్నాడు, కాటా ఎలా ఉంది, కళ్లారా చూడు. చెట్టు మీద వచ్చే రాబడి ఇంట్లోకి చేరితేనే ఆ చెట్టుకు కాపలా ఉంటుంది.

సిల్వర్ ఓక్ ఒక్కటే వేద్దామంటారు. తప్పుపట్టకు. త్వరగా, నిటారుగా పెరుగుతుంది, మిరియం తీగ ఎక్కుతుంది, కాఫీకి నీడ. కానీ అది ఆస్ట్రేలియా చెట్టు, దాంతో మాత్రమే అడవి తయారవదు. మధ్య మధ్యలో పనస, నేరేడు, మామిడి, ఉసిరి, కరక, మద్ది ఉండాలి. జీలుగు ఉన్నచోట దాన్ని ఎవరూ నరకరు, కల్లు వస్తుంది కదా. నాటే ముందు ఊరివాళ్లతో కలిసి వాలంతా తిరిగి, నరికిన మోడుల్లో ఏవి చిగురిస్తున్నాయో చూడండి. వేరు బతికున్న మోడును మేకల నుంచి, నిప్పు నుంచి కాపాడితే నర్సరీ మొక్కకన్నా ముందే లేస్తుంది. పైగా ఖర్చు తక్కువ.

నర్సరీ ఊళ్లోనే పెట్టించు, గింజలు అక్కడి కొండ నుంచే ఏరించు. నేరేడు గింజ ఎండితే మొలవదు, పండు రాలిన కొద్ది రోజుల్లోనే వేసేయాలి. పనస గింజా అంతే. ఉసిరి టెంక పగలడానికి ఎండ కావాలి. కరకకు పైపెచ్చు గట్టి, నానబెట్టకపోతే మొలక ఆలస్యం. మొక్కలు దించుకునేటప్పుడు ఒకటి రెండు కవర్లు చింపి చూడు. తల్లివేరు అడుగున సుళ్లు తిరిగి ఉంటే ఆ మొక్క పైకి ఎంత పచ్చగా ఉన్నా రెండో ఏడు వాడిపోతుంది. అలాంటివి తీసుకోకు, సరఫరా చేసినవాళ్లు ఎంత మొహమాటపెట్టినా సరే. ఒక వాన పడగానే పరిగెత్తకుండా నేల లోపలిదాకా తడిసేవరకు ఆగు.

నిప్పు సంగతి ఎండలు ముదరకముందే మాట్లాడుకోవాలి. పోడు కాల్చేవాళ్లను తిట్టడం కాదు, ఏ వాలు ఏ రోజు కాలుస్తారో గ్రామసభలోనే తేల్చుకుని, ఆ రోజుకు ముందే నిప్పు మొక్కల వైపు పాకకుండా మధ్యలో బాట చెక్కి ఆకు ఊడ్చేయాలి. గిరిజనుల ఇటుకల పండుగ రోజుల్లో ఇలాంటి సమావేశాలు పెట్టకు, ఎవరూ రారు, రాకూడదు కూడా.

మీ ఆఫీసువాళ్లు ఎన్ని మొక్కలు నాటారని అడుగుతారు, ఫొటోలు కావాలంటారు. ఇవ్వు, పర్వాలేదు. నాకు మాత్రం రెండో ఎండాకాలం దాటాక ఏవి నిలిచాయో, ఎవరి చెక్కలో ఏది ఎండిందో, ఎందుకు ఎండిందో చెట్ల పేర్లతో సహా రాయి.

మీ పెదనాన్న