క్రూడాయిల్ ధర పడితే పంచదార ధర ఎందుకు పడుతుంది?

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పంచదార ఎగుమతి చేసే బ్రెజిల్‌లో చాలా మిల్లులు అదే చెరకు రసంతో ఇథనాల్ (పెట్రోలు బదులు వాడే ఆల్కహాల్ ఇంధనం) కూడా తీస్తాయి, అందుకే ఈ రెండు ధరలకూ లంకె. ఏది గిట్టుబాటైతే రసం అటు మళ్లుతుంది. అక్కడ 2003 నుంచి పెట్రోలుతోనూ, ఉత్త ఇథనాల్‌తోనూ నడిచే ఫ్లెక్స్ కార్లు ఉన్నాయి. ఇథనాల్‌కు మైలేజీ తక్కువ. కాబట్టి దాని రేటు పెట్రోలు రేటులో సుమారు 70 శాతం లోపుంటేనే బంకులో దాన్ని కొట్టించుకుంటారు. క్రూడాయిల్ పడి పెట్రోలు చవకైతే ఆ లెక్క కుదరదు, మిల్లులు పంచదార వండటం పెంచుతాయి, సరుకు ఎక్కువై ధర పడుతుంది.

2020 ఏప్రిల్‌లో అదే జరిగింది. లాక్‌డౌన్లతో క్రూడాయిల్ కుప్పకూలింది, న్యూయార్క్ మార్కెట్‌లో ముడి పంచదార ధర పౌను బరువుకు (అర కిలోకు కాస్త తక్కువ) 10 సెంట్ల కిందికి జారింది.

అయితే మన కిరాణా కొట్లోనూ వెంటనే తగ్గుతుందనుకోవడం పొరపాటు. మన పంచదారలో ఎక్కువ భాగం మనమే తినేస్తాం. పైగా చెరకుకు కనీస ధర కేంద్రమే ప్రకటిస్తుంది, మిల్లు అమ్మే పంచదారకూ 2019లో కిలోకు 31 రూపాయల కనీస ధర పెట్టింది. దిగుమతి సుంకం సరేసరి.