ముందు ఒళ్ళు చూడు, కొమ్ములు తరవాత

చి. సందీప్‌కు పెదనాన్న ఆశీస్సులు.

కొలరాడోలో గనిసన్ వైపు నవంబరు వేట సీజన్‌కి నీకు మ్యూల్ డీర్ (పెద్ద చెవుల జింక) ట్యాగ్, అంటే వేట అనుమతి, వచ్చిందని తెలిసింది. సంతోషం. రైఫిల్ గురించీ బూట్ల గురించీ చెప్పేవాళ్ళు నీకు చాలామందే ఉన్నారు. నువ్వు నన్నడిగింది వేరు: ఎదురుగా నిలబడ్డ బక్ (మగ జింక) వయసెంతో, దాని కొమ్ములు ఎన్ని అంగుళాలో కొండ మీద కూర్చునే ఎలా తేల్చుకోవాలని. ఇవి రెండు వేరువేరు ప్రశ్నలురా. కొత్తవాళ్ళు రెంటినీ ఒకటి చేసేస్తారు. కొమ్ములు పెద్దవైతే ముసలిది, చిన్నవైతే పిల్లది అనేస్తారు. సగం పొరపాట్లు అక్కడే మొదలవుతాయి.

మన ఎద్దు కొమ్ములాగా ఇవి ఏళ్ళ తరబడి పెరిగేవి కావు. చాలావాటికి జనవరి, మార్చి నెలల మధ్య ఊడిపోయి, వసంతంలో మళ్ళీ మొదటినుంచి మొలుస్తాయి. ఆగస్టు ఆఖరుకో సెప్టెంబరు సగానికో పైనున్న మెత్తటి తోలు రాలి గట్టి కొమ్ము బయటపడుతుంది. అంటే నువ్వు చూసేది ఆ ఒక్క ఏడాది పంట. చలికాలం ఎంత కఠినంగా గడిచింది, వసంతంలో మేత ఎంత దొరికింది, పుట్టుకతో ఏం వచ్చింది, ఇవన్నీ కలిస్తే ఆ ఏటి కొమ్ము. మేత బాగున్న ఏడు రెండున్నరేళ్ళ కుర్రబక్ కూడా పక్కకి నాలుగు మొనలు వేస్తుంది. తొమ్మిదేళ్ళది మొనలు కురచబడి, మొదళ్ళు మాత్రం లావుగా మిగిలి వెనక్కి తగ్గుతూ ఉండొచ్చు. సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య కొమ్ము పూర్తి ఎదుగుదలకి వస్తుంది.

వయసుల్లో ఆ 'న్నర' ఎందుకంటావేమో. ఈ పిల్లలు ఎక్కువగా జూన్‌లో పుడతాయి. కాబట్టి నవంబరులో నువ్వు చూసే ఏ జంతువుకైనా ఏడాదిన్నర, రెండున్నర, మూడున్నర, ఇలాగే ఉంటుంది లెక్క.

ఇక ఒళ్ళు. సంతలో ఎద్దు బేరానికి వెళ్ళినవాడు ముందు కొమ్ములకి పూసిన రంగు చూడడు కదా. పక్కనుంచి నిలబడి కాళ్ళు, డొక్క, వెన్ను చూస్తాడు. నువ్వూ అదే చెయ్యి. బక్ పక్కవాటుగా, సమమైన నేల మీద నిలబడేదాకా ఆగు. ఏటవాలున ముందుకాళ్ళు కిందికి ఉన్నదాన్ని చూసి మాత్రం తీర్పు చెప్పకు. రొమ్ము లోతు, కాళ్ళ పొడుగు రెండూ అబద్ధం చెబుతాయి.

ఏడాదిన్నరది చూడగానే తెలుస్తుంది. కాళ్ళు ఒంటికి మించి పొడుగ్గా, మెడ సన్నగా, ముఖం చిన్నగా ఉంటుంది. కొమ్ములు ఒంటి మొనలో చిన్న పంగలో అయి చెవుల మధ్యే ఇమిడిపోతాయి. రెండున్నరది కూడా ఇంకా కాళ్ళమీదే నిలబడ్డట్టుంటుంది. నడుము లోపలికి నొక్కుకుని, మెడకీ భుజానికీ మధ్య స్పష్టమైన గీత కనిపిస్తుంది. మూడున్నరకి రొమ్ము దిగడం మొదలవుతుంది, కానీ వెన్ను తిన్నగా, పొట్ట బిగువుగానే ఉంటుంది. పందెపు గుర్రంలా ఉందనిపించిందా, అది చాలావరకు ఈ ఈడుదే. కొత్తవాళ్ళు మోసపోయేది కూడా దీన్ని చూసే, ఎందుకంటే అందంగా, నిండుగా ఉంటుంది.

నాలుగున్నర దాటాక రొమ్ము కిందికి దిగి, రొమ్ము అడుగు నుంచి నేలదాకా ఉన్న కాలు పొట్టిగా కనిపిస్తుంది. ఐదున్నర, ఆరున్నరకి వచ్చేసరికి ఒళ్ళు దీర్ఘచతురస్రంలా అవుతుంది. మెడ నేరుగా రొమ్ములోకి కలిసిపోతుంది, పొట్ట కిందికి జారుతుంది, వెన్ను మధ్యలో కాస్త వంగుతుంది. ముక్కు దూలం ఉబ్బెత్తుగా, మూతి వెడల్పుగా, ముఖం తెల్లబారినట్టు ఉంటుంది. వెనక మోకీళ్ళ దగ్గరి వెంట్రుకల గుత్తులు రట్ టైములో, అంటే జతకట్టే రోజుల్లో, నల్లగా మురికిపట్టి కనిపిస్తాయి. నడక కూడా చూడు: కుర్రది తల పైకెత్తి ఆడల వెంట పరిగెడుతుంది, పెద్దది తల వెన్ను ఎత్తుకి దించి తొందర లేకుండా నడుస్తుంది. బాగా ముసలిదైతే తుంటి ఎముకలు తేలతాయి.

ఇక్కడొక మెలిక. మెడ లావు రట్‌తో వచ్చేది, రట్ ముమ్మరం నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదలుదాకా. ఆగస్టులో ఎంత పెద్ద బక్‌కైనా మెడ సన్నగానే ఉంటుంది, అప్పుడు మెడ చూసి వయసు చెబితే తప్పుతుంది. నవంబరు మధ్యలో మూడున్నరది కూడా మెడ ఉబ్బించి పెద్దరికం నటిస్తుంది. డిసెంబరులో రట్ అయ్యాక పెద్దవి బాగా చిక్కి, పొట్ట లోపలికిపోయి కుర్రవాటిలా కనిపిస్తాయి. అందుకని ఒకే గుర్తు పట్టుకోవద్దు. రొమ్ము, పొట్ట, వెన్ను, ముఖం నాలుగింటిలో మూడు ఒకే మాట చెబితేనే ఖాయం చేసుకో. ఏడాదిన్నర, నడివయసు, పెద్దది, ఈ మూడు గంపల్లో సరిగ్గా వెయ్యగలిగితే చాలు. కొండమీద నిలబడి 'ఇది ఆరున్నర, ఏడున్నర కాదు' అనేవాడి మాట నమ్మకు.

కొమ్ముల సంగతి. ముందు రూపం తెలుసుకో. డాలస్‌లో నీ స్నేహితులు చూసే వైట్‌టెయిల్‌కి ఒకే అసలు కొమ్ము ముందుకి వంగి, దానిమీంచి మొనలు పైకి లేస్తాయి. మ్యూల్ డీర్‌ది పంగల కొమ్ము. అసలు కొమ్ము చీలి రెండు పంగలు, ఒకటి వెనక, ఒకటి ముందు. పడమటి రాష్ట్రాల్లో 'ఫోర్ పాయింట్' అంటే ఒక పక్క నాలుగు మొనలని, నుదుటి దగ్గరి చిన్న మొనని చాలామంది కలపరు. డాలస్‌లో వైట్‌టెయిల్‌వాళ్ళు రెండు పక్కలా కలిపి చెబుతారు, మనం ఒక పక్కే. ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా మరిచిపోకు.

బూన్ అండ్ క్రాకెట్ అనేది కొమ్ముల రికార్డులు ఉంచే అమెరికా క్లబ్బు. వాళ్ళ పద్ధతిలో కొలిచేవి ఇవి: రెండు అసలు కొమ్ముల పొడుగు, రెండు పక్కలా నాలుగేసి మొనలు, నాలుగేసి చోట్ల చుట్టుకొలత, లోపలి వెడల్పు. ఇవన్నీ కలిపిన మొత్తమే కొమ్ముల అంగుళాలు. మొనల్లో జీ-1 నుదుటిది, జీ-2 వెనక పంగలో పెద్దది, జీ-3 దాన్నుంచి చీలేది, జీ-4 ముందు పంగలోది. పక్కల మధ్య తేడాలు, వంకర మొనలు తీసివేతలోకి పోతాయి. మామూలు ఆకారానికి ఆల్-టైమ్ రికార్డు పుస్తకంలోకి ఎక్కడానికి 190 అంగుళాలు కావాలి. 1972లో కొలరాడోలోనే డొలోరెస్ కౌంటీలో దొరికినది 226 4/8 తో ప్రపంచ రికార్డుగా నిలిచింది. నీకు ఈ అంకెలు కొలబద్దగా తప్ప ఆశగా పనికిరావు.

కొలవడానికి కొండమీద టేపు లేదు, దాని చెవులే టేపు. చెవులు అప్రమత్తంగా పక్కలకి చాచినప్పుడు కొస నుంచి కొసకి సుమారు 20 నుంచి 22 అంగుళాలు, ఒక్కో చెవి పొడుగు ఎనిమిది, తొమ్మిది. పెద్ద బక్‌కి వీపు నుంచి రొమ్ము కిందికి సుమారు 18. చెవులు వెనక్కి మడిచినప్పుడు కొమ్ములు అమాంతం వెడల్పయినట్టుంటుంది, అప్పుడు వేసిన అంచనా పారెయ్యి. స్పాటింగ్ స్కోప్‌కి (ఒంటికంటి దూరదర్శినికి) ఫోన్ తగిలించి సరిగ్గా ఎదురుగా చూస్తున్న ఫోటో తీశావనుకో, లెక్క ఇంకా సులువు. ఫోటోలో చెవి కొసల మధ్య 420 పిక్సెళ్ళు, కొమ్ముల లోపలి వెడల్పు 480 వచ్చిందనుకో. 480ని 420తో భాగించి 21తో గుణించు, 24 అంగుళాలు. తల కాస్త పక్కకి తిరిగి ఉన్నా ఈ లెక్క చెడుతుంది.

వెడల్పు మీద మోజు చాలామందికి. ముప్పై అంగుళాల బక్ అని కలవరిస్తారు. నిజానికి వెడల్పు మొత్తంలోకి ఒక్కసారే వస్తుంది, మొనలూ లావూ రెండు పక్కలా వస్తాయి. ఒక లెక్క చూపిస్తాను. అసలు కొమ్ములు 24 చొప్పున 48. నుదుటి మొనలు 2 చొప్పున 4. జీ-2 పదహారేసి 32. జీ-3, జీ-4 పదేసి, అంటే 20, 20. చుట్టుకొలతలు ఒక పక్క 4½, 4¼, 4, 4 కలిపి 16¾, రెండు పక్కలా 33½. లోపలి వెడల్పు 23. మొత్తం 180½. ఇప్పుడు వెడల్పు 27 అనుకుని, పంగలు లోతు లేక జీ-2 పన్నెండు, జీ-3, జీ-4 ఏడేసి అయితే? వెడల్పులో 4 కలిసింది, మొనల్లో 20 పోయింది. 164½. ఎదురుగా చూసినవాడికి మాత్రం రెండోదే పెద్దదనిపిస్తుంది.

అందుకే పక్కనుంచి పంగల లోతు చూడు. ముందు పంగ చెవంత లోతుంటే మంచిదే. వెనక పంగలో జీ-2 అసలు కొమ్ము మీద మొదలై కొసదాకా చెవికి రెండింతలకి దగ్గరగా ఉంటే అది గట్టి బక్. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. జీ-2ని పంగ చీలిన చోటినుంచి కొలిచి తక్కువ చేస్తారు, అది అసలు కొమ్ము నుంచి లెక్క. ముందు పంగలో రెండింటినీ మొనలుగా లెక్కేసి ఎక్కువ చేస్తారు, వాటిలో ఒకటి అసలు కొమ్ము కొస, రెండోదే జీ-4. లావు విషయంలో తొందరపడకు. నాలుగున్నర అంగుళాల చుట్టుకొలత అంటే అడ్డంగా ఒకటిన్నర అంగుళం కూడా ఉండదు. చుట్టుకొలతలు ఎనిమిది, ఒక్కోదానికి అరంగుళం ఎక్కువ వేసుకుంటే నాలుగు అంగుళాలు గాల్లో పుట్టుకొస్తాయి. తోలుతో ఉన్న కొమ్ములకి ఇది మరీ ఎక్కువ.

ఇంకా మోసం చేసేవి ఉన్నాయి. ఆకాశం వెనకగా నిలబడితే కొమ్ము పెద్దదవుతుంది, నల్లటి చెట్ల ముందు చిన్నదవుతుంది. అటు తిరిగి పోతున్న బక్ ఎప్పుడూ ఉన్నదానికన్నా పెద్దదే. చిన్న ఒంటి మీద మామూలు కొమ్ములు కూడా రాక్షసంగా కనిపిస్తాయి. ముందు ఒళ్ళు చూడమన్నది ఇందుకు కూడా. ఎండెక్కాక నేలమీంచి లేచే ఆవిరి స్కోప్‌లో మొనల కొసలని కరిగిస్తుంది కాబట్టి ఉదయం తొలి గంటలోనే చూడు. 10×42 బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్ మీద పెట్టి వెతుకు, దొరికాక స్కోప్‌కి మారు. ఎదురు, పక్క, రెండు చూపులూ అందాకే అంకె రాసుకో. అంకె రాశాక అందులోంచి పదో వంతు తీసెయ్యి, ఉత్సాహం అంతమేరకి కలుపుతుంది.

చేతికొచ్చాక వయసు రూఢి చేసుకోవాలంటే పళ్ళు. మనవాళ్ళు 'రెండు పళ్ళ కోడె, నాలుగు పళ్ళ కోడె' అని ముందుపళ్ళు లెక్కపెడతారు. ఇక్కడ కింది దవడలో నమిలే పళ్ళు చూడాలి. ముందునుంచి మూడోది మూడు భాగాలుగా, అరిగి ఉంటే పాలపన్ను, అది ఏడాదిన్నరది. రెండున్నరకి దాని స్థానంలో రెండు భాగాల పన్ను వచ్చి ఉంటుంది. ఆపైన అరుగుదల చూడటమే, ఇసుక నేలల్లో మేసినదానికి తొందరగా అరుగుతుంది కనుక అంచనా ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ. కచ్చితంగా కావాలంటే కింది ముందుపళ్ళలో మధ్యవి రెండు వేరుతో సహా తీసి ల్యాబ్‌కి పంపు. వేరును పలుచగా కోసి రంగు వేసి, చెట్టు వలయాల్లా గీతలు లెక్కపెడతారు. పన్నుకి రెండు పక్కలా చిగురు సన్నటి కత్తితో లోతుగా కోసి మెల్లగా ఊపి తియ్యి. వేరు విరిగితే పంపి లాభం లేదు. ఉడకబెట్టకు. కాగితం కవర్లో వెయ్యి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. నీ యూనిట్‌లో (నీకు వేటకిచ్చిన ప్రాంతంలో) సీడబ్ల్యూడీ పరీక్ష, అంటే జింకలకి వచ్చే ప్రాణాంతకమైన మెదడు జబ్బు పరీక్ష, తప్పనిసరో కాదో ఈ ఏటి రూల్స్ పుస్తకంలో చూసుకుని, తల ఇచ్చే ముందే పళ్ళు తీసుకో. ఫలితం వచ్చేదాకా మాంసం వండవద్దు.

కొమ్ములు అధికారికంగా కొలిపించాలంటే మామూలు గదిలో 60 రోజులు ఆరాలి. అప్పటిదాకా నీ నోట్‌బుక్‌లో కొండమీద రాసుకున్న అంకె చెరపకు, రెండూ పక్కపక్కన పెట్టి నాకు ఫోటో పంపు. నువ్వు వదిలేసిన బక్‌ల ఫోటోలు కూడా పంపు.

మీ అమ్మకీ నాన్నకీ మా దీవెనలు చెప్పు.

మీ పెదనాన్న