ఇంజనాయిలు ఎప్పుడు మార్చాలి? మీ లారీ మీటరే చెప్పేసింది

ప్రశ్న: సార్, మాది పలాస దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి 14 అడుగుల లారీ కొత్తది తీసుకున్నాను, నేనే నడుపుతున్నాను. ఉద్దానం నుంచి విశాఖకు కొబ్బరికాయలు, అప్పుడప్పుడు పలాస నుంచి జీడిపప్పు వేస్తాను. మూడు నెలల్లో 11,400 కిలోమీటర్లు తిరిగింది. మీటరులో ఇంజను గంటలు 520 చూపిస్తోంది. మొదటి సర్వీసులో అన్నీ చూసి, ఆయిల్ మార్చకుండానే పంపించేశారు. 20,000కి మారిస్తే చాలన్నారు. మా మామయ్య పాతికేళ్లు లారీ నడిపిన మనిషి, 5,000కే మార్చాలంటాడు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంది. ఒకసారి మార్పిస్తే ఆయిల్, ఫిల్టరు, కూలి కలిపి 4,800 అవుతుంది. వాయిదా, డీజిలు, టోలు, క్లీనరు జీతం పోగా నెలకు 22,000 మిగులుతోంది, అది ఇంటికే సరిపోతోంది. ఎవరి మాట వినాలి? ఏటి చెయ్యమంటారు?

జవాబు: ఈ వారంలోనే మార్పించండి. 5,000 దాటిపోయిందని కాదు, నల్లగా ఉందని అసలే కాదు. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. 520 గంటలు అని రాసి, దాన్ని అక్కడే వదిలేశారు.

11,400 కిలోమీటర్లను 520 గంటలతో భాగించి చూడండి. గంటకు 22 కిలోమీటర్లు కూడా రాలేదు. మీరు తిరిగేది జాతీయ రహదారి 16 మీద. మడపం టోలు, నాతవలస టోలు, ఊళ్ల దగ్గర నెమ్మదించడం, ఇవన్నీ కలుపుకున్నా లోడు లారీకి సగటున 40 రావాలి. ఆ లెక్కన మీ బండి నిజంగా కదిలింది 285 గంటలు. మిగతా 235 గంటలూ నిలబడిన చోటే ఇంజను తిరిగింది. కొబ్బరికాయలు ఎక్కిస్తున్నంతసేపు, విశాఖలో దింపడానికి వరుసలో ఉన్నంతసేపు, ఏసీ వేసుకుని క్యాబిన్‌లో కునుకు తీసినంతసేపు.

బండి ఆగినా ఆయిల్‌కు సెలవు లేదు. ఖాళీగా తిరిగే ఇంజను సరిగ్గా వేడెక్కదు, డీజిలు పూర్తిగా కాలదు, మసి ఆయిల్‌లో చేరుతుంది. అందుకే ఒక గంట ఖాళీగా తిరిగితే దాదాపు 40 కిలోమీటర్లు నడిచినట్టు లెక్క వేసుకోవడం బళ్ల వాళ్లలో ఒక మోటు లెక్క. 235 గంటలంటే 9,400 కిలోమీటర్లు. తిరిగిన 11,400కు ఇవి కలిపితే 20,800. అంటే షోరూం వాళ్లు చెప్పిన గడువు మీ ఇంజనుకు దాటిపోయింది. మీటరు మాత్రం ఇంకా సగం దారి ఉందంటోంది.

బండితో ఇచ్చిన పుస్తకం తీసి, ఆ 20,000 పక్కన ఏముందో చదవండి. ఇలాంటి పట్టికల్లో సాధారణంగా కిలోమీటర్లతో పాటు నెలలు గానీ గంటలు గానీ కూడా ఉంటాయి, ‘ఏది ముందైతే అది’ అని ఉంటుంది. దుమ్ము, ఓవర్‌లోడు, ఎక్కువసేపు ఆగి తిరగడం ఉన్న బళ్లకు వేరే అంకె ఇస్తారు. షోరూంలో నోటితో చెప్పేది హైవే మీద హాయిగా పోయే బండి అంకె. మీది ఆ బండి కాదు.

ఇక మీ మామయ్య మాట. ఆయన తన రోజుల్లో తప్పేమీ చెప్పలేదు. డీజిలులో గంధకం ఉంటే అది కాలి ఆమ్లంగా మారి ఆయిల్‌ను తినేస్తుంది. బీఎస్3 అనే పాత కాలుష్య ప్రమాణం నాటి డీజిలులో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల వరకూ గంధకం ఉండేది. అంతకు ముందు ఇంకా ఎక్కువ. 2020 ఏప్రిల్ నుంచి మనం పోయిస్తున్న బీఎస్6 డీజిలులో అది 10కి మించకూడదు. ఆయిల్ కూడా అప్పటిది కాదు. కొత్త ఇంజనులో రాపిడికి వచ్చే సన్నటి లోహపు రజను తీసెయ్యాలని తొలి ఆయిల్‌ను తొందరగా మార్చేవారు. ఇప్పటి ఇంజన్ల తయారీలో ఆ రజను చాలా తగ్గింది, వచ్చేది ఫిల్టరు పట్టుకుంటుంది. ఆయన్ని నొప్పించకుండా చెప్పండి: పాత బండికి పాత లెక్క సరే, మారింది బండి.

రంగు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. డీజిలు ఇంజనులో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని గోడలకు అంటనివ్వకుండా తనలో ఉంచుకోవడమే దాని పని. నలుపు చూసి మార్చేవాళ్లు డబ్బు పారబోసుకుంటారు. మా నాన్న ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది ‘ఇంకా పనికొస్తుందిరా’ అనేవారు. అదీ శకునం చూడటం లాంటిదే.

డిప్‌స్టిక్ మీద మీరు చూడాల్సింది మట్టం. తగ్గితే సరే, అందరూ గమనిస్తారు. పెరిగితే మాత్రం సంబరపడకండి. బీఎస్6 లారీల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, షెడ్డుల్లో డీపీఎఫ్ అంటారు. అది నిండినప్పుడు ఇంజను కాస్త ఎక్కువ డీజిలు పంపి ఆ మసిని కాల్చేస్తుంది. మధ్యలో మీరు ఇంజను ఆపేసినా, చాలాసేపు ఖాళీగా తిప్పినా ఆ పని సగంలో ఆగి, డీజిలు కొంత ఆయిల్‌లోకి జారుతుంది. ఆయిల్ పలచబడుతుంది, మట్టం పైకొస్తుంది. అలా కనిపిస్తే కిలోమీటర్లు చూడొద్దు, సర్వీసుకు తీసుకెళ్లండి. డాష్‌బోర్డు మీద ఆ ఫిల్టరు దీపం వెలిగినప్పుడు పుస్తకంలో చెప్పినట్టు హైవే మీద బండిని కొంతసేపు ఆపకుండా నడపండి.

అదే కారణంగా ఆయిల్ రకంలో ఆదా చూడకండి. ఈ బళ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. చాలావాటికి పుస్తకంలో సీకే-4 అని ఉంటుంది, మీ దాంట్లో ఏముందో అదే పోయించండి. లీటరుకు వంద తగ్గుతుందని పాత రకం పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. ఆ ఫిల్టరు మార్చే ఖర్చుతో చాలా ఏళ్ల ఆయిల్ వస్తుంది. సీలున్న డబ్బా మీ ఎదురుగా తెరిపించండి. ఖాళీ డబ్బాకు బొక్క పెట్టి మరీ పడెయ్యండి, వాటిలోనే నకిలీ సరుకు నింపుతారు.

ఇప్పుడు నా పనికి, అంటే డబ్బుకు వస్తాను. మీ తిరుగుడు ఏడాదికి సుమారు 45,000 కిలోమీటర్లు. మామయ్య లెక్కలో తొమ్మిదిసార్లు, 43,200 రూపాయలు. షోరూం లెక్కలో ఏడాదికి సగటున 10,800. ప్రస్తుతానికి మీకు నేను చెప్పే 10,000 లెక్కలో 21,600, అంటే నెలకు 1,800. పుస్తకంలో కష్టమైన వాడకానికి అంతకన్నా తక్కువ అంకె ఉంటే అదే పట్టుకోండి. కిలోమీటరుకు చూస్తే 96 పైసలు, 24 పైసలు, 48 పైసలు. మీ బండి లీటరుకు 7 ఇస్తుందనుకుని, లీటరు 98 వేసుకుంటే డీజిలే కిలోమీటరుకు 14 రూపాయలు. మీకు నిద్ర పట్టనివ్వనిది దాని పక్కన అర్ధరూపాయి ఖర్చు.

మరి ఆ 235 గంటలు? ఈ సైజు ఇంజను ఖాళీగా తిరిగితే గంటకు దాదాపు లీటరు తాగుతుంది. మూడు నెలల్లో 23,000 రూపాయలు, నెలకు 7,700 చొప్పున. మామయ్య లెక్కకూ షోరూం లెక్కకూ మధ్య తేడా నెలకు 2,700 మాత్రమే. లీటరుకు కొన్ని రూపాయలు మిగులుతాయని ఇచ్ఛాపురం దాటి ఒడిశా బంకుల్లో ట్యాంకు నింపుకొచ్చేవాళ్లు మన వైపు బోలెడు మంది. అలా తెచ్చిన డీజిలునే కొబ్బరితోటలో నిలబడి ఏసీకి కాల్చేస్తున్నారు.

ఎండల్లో క్యాబిన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, కాబట్టి నీతులు చెప్పను. బ్యాటరీ మీద తిరిగే చిన్న ఫ్యాను ఒకటి పెట్టించండి, లోడు ఎక్కేటప్పుడు దిగి నీడలో కూర్చోండి. సగం తగ్గినా నెలకు 3,800 పైగా మిగులుతుంది, మూడు నెలల్లో రెండుసార్లు ఆయిల్ మార్పించినా ఆ డబ్బు అయిపోదు. ఒక్క మాట: దూరం నడిచి వచ్చి గభాలున ఆపెయ్యకండి, టర్బో చల్లబడటానికి ఒకటి రెండు నిమిషాలు తిరగనివ్వాలి. నిమిషాలు, గంటలు కాదు.

ఇప్పుడు చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. నెలకు 22,000 మిగులుతోందని రాశారు. ఆ డబ్బంతా మీది కాదు. ఆరు టైర్లు, ఒక్కోటి 14,000 వేసుకుంటే 84,000. అరవై వేల కిలోమీటర్లు వస్తాయనుకుంటే ప్రతి కిలోమీటరుకు 1.40 అరిగిపోతోంది. ఇన్సూరెన్సు ఏడాదికి 58,500 అనుకుంటే 1.30, మీ పాలసీ చూసి సరిచేసుకోండి. ఆయిల్‌కు 50 పైసలు. బ్రేకులు, క్లచ్చి, గ్రీజు, బ్యాటరీ, చిల్లర మరమ్మతులకు 80 పైసలు. మొత్తం నాలుగు రూపాయలు. నెలకు 3,800 కిలోమీటర్లకు 15,200. అవి తీసేస్తే మీ చేతికి నిజంగా వచ్చేది 6,800, అదీ మీ డ్రైవరు జీతం కూడా కలిపి. కొత్త బండి మొదటి ఏడాది అందరినీ ఇలాగే మోసం చేస్తుంది. టైర్లు కొత్తవి, ఇన్సూరెన్సు కొన్నప్పుడే కట్టేశారు, మరమ్మతులు వారంటీలో పోతాయి. డబ్బు కనిపిస్తుంది, ఖర్చు కనిపించదు. రెండో ఏడాది సంక్రాంతికి అవన్నీ వరుసగా గుమ్మంలో నిలబడతాయి.

కాబట్టి బండి పేరు మీద వేరే బ్యాంకు ఖాతా తెరవండి. కిరాయి చేతికొచ్చిన రోజే ఆ ట్రిప్పు కిలోమీటర్లను నాలుగుతో హెచ్చవేసి అందులో వెయ్యండి. 400 కిలోమీటర్ల ట్రిప్పుకు 1,600. నెలాఖరున మిగిలింది వేద్దామంటే మిగలదు. ఇన్సూరెన్సు వాటాకు బ్యాంకులో ఏడాది ఆర్‌డీ పెట్టుకోండి. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, మూడేళ్లలోపు తీయలేరు, ఈ పనికి వద్దు. చీటీ కూడా వద్దు. టైరు పేలిన రోజున చీటీ మీకే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అంత వేస్తే ఇల్లు గడవదంటారు. నిజమే, గడవదు. దాని మందు మాత్రం ఆయిల్ డబ్బాలో లేదు. విశాఖ నుంచి ఖాళీగా వస్తున్నారా లేదా ఉత్తరంలో రాయలేదు. ఖాళీగా వస్తుంటే నెలకు మూడు నాలుగు రిటర్న్ లోడులు, విజయనగరం, రాజాం, నరసన్నపేట దుకాణాలకైనా, తక్కువ కిరాయికైనా పట్టండి. డీజిలు, టోలు ఎలాగూ పెడుతున్నారు. పైగా ఒక్క కొబ్బరి మీదే బతకడం ఉద్దానంలో ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చిన తెల్లారి తోటలు ఎలా పడి ఉన్నాయో మీరు చూసే ఉంటారు. చెట్లు పడినా ఫైనాన్సు వాయిదా ఆగదు. ఆ ఖాతాలోనే మెల్లగా మూడు వాయిదాల సొమ్ము చేర్చుకోండి.

బిల్లుల గురించి రెండు మాటలు. స్థూల బరువు 12 టన్నులు దాటని లారీకి ఆదాయపు పన్ను లెక్కలో నెలకు 7,500 ఆదాయం వచ్చినట్టు చూపే పద్ధతి ఉంది, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏఈ సెక్షను అనేవారు. ఏడాదికి 90,000. ఆ దారిలో వెళ్తే ఆయిల్ బిల్లు చూపించి విడిగా తగ్గించుకునేది ఏమీ లేదు. అయినా ప్రతి బిల్లూ దాచండి, వారంటీ కోసం. ఇంజను దెబ్బతింటే కంపెనీ మొదట అడిగేది ఏ ఆయిల్, ఎప్పుడు పోశారని. ఇన్సూరెన్సు ఆదుకోదు, యంత్రం దానంతట అది చెడిపోతే మామూలు పాలసీలో రాదు. వారంటీ ఉన్నన్నాళ్లూ పుస్తకం గడువు ఒక్క కిలోమీటరు కూడా దాటకండి, ముందుగా మార్చడం మీ ఇష్టం. బయటి షెడ్డులో మార్పించాలనుకుంటే ముందు వారంటీ కాగితం చదవండి.

మార్పించిన రోజున మీటరులో కిలోమీటర్లు, గంటలు రెండూ కనిపించేలా ఫోనులో ఫొటో తీసి ఉంచండి. మళ్లీ 10,000 దగ్గర ఇంకో ఫొటో తీసి, రెంటికీ మధ్య కిలోమీటర్లను గంటలతో భాగించండి. 35 దాటితే మీ బండి షోరూం వాళ్ల లెక్కకు దగ్గరపడినట్టే, నెమ్మదిగా పుస్తకం గడువు వైపు జరగొచ్చు. ఇంకా 22 దగ్గరే ఉంటే 10,000కే మార్పించి, ఆ రెండు ఫొటోలూ నాకు పంపండి.