ఇరవై ఏళ్ల పాత మియాటాను రోజూ ఆఫీసుకు నడపొచ్చా?

నడపొచ్చు. అమెరికాలో చాలా ఏళ్లు వాడుకోవడానికి పాత స్పోర్ట్స్ కారు కావాలంటే నేను ముందు చెప్పేది 1999–2005 మోడల్ మాజ్డా మియాటానే. 1.8 లీటర్ల ఇంజిన్, మెకానిక్‌కు తలనొప్పి లేని సాదా నిర్మాణం.

అయితే ఎన్ని మైళ్లు తిరిగిందో చూసే ముందు తుప్పు చూడండి. మడిచే బట్ట టాప్ మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనకున్న సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. వాటికి ఆకులు, మట్టి అడ్డుపడితే నీళ్లు నిలిచి, తలుపు కింద, వెనక చక్రానికి ముందుండే రేకును తుప్పు లోపలి నుంచే తినేస్తుంది. పైన పెయింట్ మాత్రం మెరుస్తూనే ఉంటుంది! అందుకే బండిని లిఫ్ట్ ఎక్కించి ఆ చోట గట్టిగా నొక్కి చూడాలి. చలికాలంలో రోడ్లకు ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల తిరిగిన కారైతే మరీ జాగ్రత్త.

టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే రబ్బరు బెల్ట్) 60 వేల మైళ్లకోసారి మార్చడం మంచిది. రసీదు లేకపోతే మార్చలేదనే అనుకోండి. వాటర్ పంప్ కూడా అప్పుడే వేయించండి.

మియాటా కాక, మరో పాత స్పోర్ట్స్ కారు తొలి తరం పోర్షే బాక్స్‌టర్ మీద మనసు పడితే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపల తిరిగే ఒక షాఫ్ట్‌ను పట్టి ఉంచే బేరింగ్) సంగతి అడగండి, అది విరిగితే ఇంజినే పోతుంది.

రెండింటిలోనూ సీట్లు రెండే. ఇంట్లో పిల్లలుంటే ఇంకో కారు తప్పదు.