తెల్లవారుజామున తెగిపోయే లింకు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కేబుల్ టీవీతో పాటు నెట్ కూడా ఇస్తున్నాను. టౌన్ నుంచి మా ఊరికి 12 కిలోమీటర్ల వైర్‌లెస్ లింకు పెట్టాను. 5.8 గిగాహెర్ట్జ్, 40 మెగాహెర్ట్జ్ చానల్, రెండు వైపులా 27 డిబిఐ (డిష్ బలం కొలత) డిష్‌లు, 30 మీటర్ల టవర్లు. పవర్ నిబంధనల ప్రకారం ఉండాల్సినంత పెట్టాను. సిగ్నల్ మైనస్ 66 చూపిస్తోంది. పరికరాలు అమ్మినాయన అది చాలా మంచి సిగ్నల్ అన్నాడు. నాయిస్ పగలు మైనస్ 91, రాత్రి 8 గంటలకు మైనస్ 84. రాత్రిళ్లు స్పీడు సగానికి పడుతోంది. దాళ్వా నాట్లు పడ్డప్పటి నుంచి తెల్లవారుజామున 5, 7 గంటల మధ్య లింకే తెగుతోంది. పవర్ పెంచనా, పెద్ద డిష్ కొననా?

జవాబు: నాయిస్, అంటే మన సిగ్నల్‌కు అడ్డుపడే రొద, కూడా రాసి పంపారు, సంతోషం. చాలామంది ఆ అంకె వైపే చూడరు.

ముందు మీ మైనస్ 66 సరైనదేనా అని లెక్క చూద్దాం. ఈ అంకెలు డిబిఎంలో, అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చిన బలం; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. రెండు బలాల మధ్య తేడాను డిబిలో చెబుతాం. ఈ బ్యాండులో లైసెన్సు లేకుండా డిష్ బలంతో కలిపి పంపగలిగేది 36 డిబిఎం, అంటే 4 వాట్లు. 12 కిలోమీటర్ల దారిలో పోయేది 129 డిబి. అవతలి డిష్ 27 కలుపుతుంది. 36 లోంచి 129 తీసి 27 కలిపితే మైనస్ 66. మీటరూ అదే చెబుతోంది కాబట్టి డిష్‌లు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి.

ఈ లెక్క వేయకుండా ఎవరూ టవర్ దిగకూడదని నా పట్టుదల. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక మైక్రోవేవ్ లింకుకు డిష్ తిప్పుతూ, మల్టీమీటర్‌లో వోల్టేజీ ఇక పెరగడం లేదని బోల్టులు బిగించేశాను. సిగ్నల్ లెక్క కన్నా 20 డిబి తక్కువ వచ్చింది. రిసీవర్ చెడిపోయిందనుకుని ఒకటిన్నర రోజు దాన్ని విప్పి చూశాం. తీరా చూస్తే మా డిష్ అసలు కిరణం మీద లేదు, దాని పక్కనుండే చిన్న కిరణం మీద ఆగిపోయింది.

ఇక మైనస్ 66 మంచిదా కాదా అన్నది నాయిస్ పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. పగలు మీకు తేడా 25 డిబి. క్వామ్ అంటే తరంగంలో డేటా నింపే పద్ధతి, అంకె పెద్దదైతే స్పీడు ఎక్కువ. 64 క్వామ్ పై మెట్టు నడవడానికి ఇంచుమించు అంతే కావాలి, అందుకే పగలు బాగుంది. రాత్రి తేడా 18. రేడియో 16 క్వామ్‌కి దిగుతుంది, స్పీడు సగమవుతుంది. సిగ్నల్ కదల్లేదు, చుట్టుపక్కల వాళ్ల రేడియోలు అదే చానల్లో మాట్లాడటం మొదలుపెట్టాయి. దీనికి పవర్ పెంచడం మందు కాదు. మీరు ఇప్పటికే హద్దులో ఉన్నారు, దాటితే పక్క ఊరివాడికి మీరే నాయిస్ అవుతారు.

తెల్లవారుజాము కథ వేరు. చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి, గాలి కదలదు, మంచు పడుతుంది. టవర్ నుంచి నేరుగా వచ్చే తరంగం ఒకటి, నీటి మీద పడి అద్దంలో లాగా తిరిగి వచ్చేది ఇంకొకటి. నేల దగ్గరి చల్లగాలి పొరలు తరంగాలను వంచుతున్న ఆ రెండు గంటల్లో ఇవి కొన్నిసార్లు ఎదురుబొదురై ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సిగ్నల్ 15, 20 డిబి పడిపోవడం అక్కడ వింత కాదు. ఎండెక్కి గాలి కలిస్తే లేచి కూర్చుంటుంది.

కాబట్టి లెక్క కింది నుంచి కట్టుకు రండి. లింకు తెగకుండా నిలబడటానికి, అంటే 16 క్వామ్ కన్నా నెమ్మదైనా గట్టిగా నిలిచే క్యూపీఎస్‌కే పద్ధతి నడవడానికి, 8 డిబి తేడా కావాలి. దాని మీద ఉదయపు పతనానికి 20 డిబి మిగులు పెట్టుకోండి. మైనస్ 84 నాయిస్‌తో అయితే మైనస్ 56 సిగ్నల్ కావాలి, మీ దగ్గర లేదు. అదే చానల్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే రేడియో సొంత నాయిస్ 3 డిబి తగ్గి మైనస్ 95 దగ్గరికి వస్తుంది. రాత్రి 8 గంటలకు స్కాన్ చేసి మైనస్ 94 ఉన్న చానల్ వెతకండి. పగటి స్కాన్‌ని నమ్మకండి. దొరికితే మైనస్ 66తోనే మిగులు 20 వస్తుంది. పగటి గరిష్ఠ స్పీడు సగమవుతుంది, నిజమే. అయినా నేను ఆ బేరమే చేస్తాను.

అది చాలకపోతే అప్పుడు డిష్. మీది రెండడుగులది అయితే, మూడడుగులది వినే వైపు 3.5 డిబి ఎక్కువ ఇస్తుంది, కిరణం సన్నబడి పక్క నాయిస్ కూడా తగ్గుతుంది. నాలుగడుగులది 6 ఇస్తుంది కానీ తుపాను గాలికి మీ టవర్ ఓర్చుకుంటుందా అని ముందు అడగండి. ఒక డిష్‌ను 5 మీటర్లు కిందకో పైకో జరిపి చూడటం ఇంకా చవక: మీ దూరానికి, మీ ఎత్తులకు ఆ మాత్రం జరిపితేనే రెండు తరంగాల పొత్తు మారుతుంది. కిందికి దించేటప్పుడు మాత్రం కొబ్బరి చెట్లు చూసుకోండి. నడిమధ్యలో కిరణం కింద 9.5 మీటర్ల ఖాళీ ఉండాలి: ఫ్రెనెల్ జోన్‌కు (కిరణం చుట్టూ తరంగానికి కావలసిన చోటు) 7.5, భూమి వంపుకు 2. డిష్‌లు 30 మీటర్ల మీద ఉంటే 20 మీటర్లు దాటిన చెట్టు ఇప్పటికే హద్దులో ఉన్నట్టు.

ప్రశ్న: నాయిస్ లెక్కలన్నీ మైనస్ 174తో ఎందుకు మొదలవుతాయి? మన ఎండలకూ అదే అంకె చెల్లుతుందా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని 290 కెల్విన్‌తో గుణిస్తే ఒక్కో హెర్ట్జ్‌కు వచ్చే నాయిస్ అది, డిబిఎంలో. 20 మెగాహెర్ట్జ్‌కు 73 కలపండి, మైనస్ 101. రిసీవర్ తన వంతుగా చేర్చే 6 కలిపితే పై జవాబులోని మైనస్ 95. 290 కెల్విన్ అంటే 17 డిగ్రీల సెల్సియస్. ఎండ 45 డిగ్రీలకు చేరినా ఆ అంకెకు తోడయ్యేది 0.4 డిబి మాత్రమే.