ఇరవై ఏళ్లకు మొదలుపెడితే ఏ ఆటలో ఛాంపియన్ కావచ్చు?

ఇరవై ఏళ్లకు మొదలుపెట్టి బాక్సింగ్, జూడో, రెజ్లింగ్‌లో దేనిలో ఛాంపియన్ కావచ్చని అడిగారు కదా, నా ఓటు బాక్సింగ్‌కే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు పెద్ద సంస్థలున్నాయి. ఒక్కో సంస్థకీ సొంత ఛాంపియన్ ఉంటాడు కాబట్టి ఒకే బరువు విభాగంలో నలుగురు ప్రపంచ ఛాంపియన్లు ఉండొచ్చు. కాకపోతే ఫైట్లు ఏర్పాటు చేసే మంచి ప్రమోటర్ దొరక్కపోతే టైటిల్ ఫైట్ దాకా రావడమే గగనం, ఆ తలనొప్పి వేరు.

ఒలింపిక్ జూడో, రెజ్లింగ్‌లో ఆ వెసులుబాటు లేదు. నాలుగేళ్లకోసారి పోటీ, వ్యక్తిగత విభాగంలో ఒక్కో బరువుకు దేశం నుంచి ఒక్కరే. జపాన్ జూడో ఆటగాళ్లకి సొంత దేశంలో నెగ్గడమే పెద్ద యుద్ధం. పైగా పట్టు, తోపు, బ్యాలెన్స్ చిన్నప్పుడే ఒంటికి పట్టినవాళ్లతో తలపడాలి.

అమెరికా బాక్సర్ డియోంటే వైల్డర్ దాదాపు మీ వయసులోనే బాక్సింగ్‌లోకి వచ్చి 2008 ఒలింపిక్స్‌లో కాంస్యం, 2015లో డబ్ల్యూబీసీ హెవీవెయిట్ బెల్ట్ గెలిచాడు. అలాంటివాళ్లు అరుదే అనుకోండి. ముందు అమెచ్యూర్ బౌట్లు ఆడండి, ప్రొఫెషనల్ సంగతి తర్వాత.