గోడ అవతల కూడా చూడు

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మొదటి ఫైలు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌దేనని విన్నప్పటి నుంచీ మీ పెద్దమ్మ అందరికీ ఫోన్లు చేసి చెబుతోంది. డౌన్‌టౌన్‌లో పాత ప్రభుత్వ భవనం, దాని బాయిలర్లు మానేసి ఊరి వేడినీళ్ళ లైనుకి (ఒకే ప్లాంటులో నీళ్ళు కాచి పైపుల్లో భవనాలన్నిటికీ పంపే కంపెనీది) కలపడం, ఫెడరల్ గ్రాంటు ఉంది కాబట్టి నేపా రివ్యూ, అంటే జాతీయ పర్యావరణ చట్టం కింద పరిశీలన. "ఒక్క పైపే కదా పెదనాన్నా, సీఎక్స్‌తో అయిపోతుంది" అన్నావు, వివరమైన పరిశీలన అక్కర్లేదనే మినహాయింపుతో అన్నమాట. అయిపోవచ్చు, ఇలాంటివి చాలావరకు అలాగే అవుతాయి కూడా. కాకపోతే ఆ కాగితం మీద సంతకం పడేలోపు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

రూల్స్ సంగతి ముందు తేల్చేస్తాను. 1970 జనవరి 1న నిక్సన్ సంతకం పెట్టినప్పటి నుంచీ నేపా అడిగేది ఒకటే: చెయ్యబోయే ముందు ఆలోచించావా, ఆలోచించినట్టు రాసిపెట్టావా? చిన్న పనికి సీఎక్స్, అనుమానం ఉంటే ఈఏ అనే చిన్న నివేదిక, పెద్ద ప్రభావం ఉంటే ఈఐఎస్ అనే పూర్తి నివేదిక. 2023 సవరణతో ఈఏకి 75 పేజీలు, ఏడాది గడువు. ఈఐఎస్‌కి మామూలుగా 150 పేజీలు, రెండేళ్ళు. 2025లో అన్ని ఏజెన్సీలకీ ఉమ్మడిగా ఉన్న వైట్‌హౌస్ పర్యావరణ కౌన్సిల్ రూల్సే తీసేశారు, ఏ ఏజెన్సీ పద్ధతి ఆ ఏజెన్సీదే అయింది. అందుకని ఆఫీసులో ఎవరో "ఇదిగో పాతది, పేరు మార్చుకో" అని ఇచ్చే టెంప్లేట్ ముట్టుకోకు. గ్రాంటు ఇచ్చే ఏజెన్సీ ఇవాళ్టి పద్ధతి తెచ్చుకుని, అది ఏ తేదీదో ఫైల్లో రాసిపెట్టు.

ఇక అసలు పని. మొదటి పేజీలో ప్రాజెక్టు వివరణ ఉంటుంది చూడు, నీ సమయంలో సగం దానికే పెట్టు. గ్రాంటు డబ్బు లోపలి హీట్ ఎక్స్ఛేంజర్‌కి (లైను నీళ్ళ వేడిని భవనంలోకి ఎక్కించే యంత్రం) మాత్రమేనని, బయట పైపు వేడినీళ్ళ కంపెనీ ఖర్చని, పాత బాయిలర్ తీయడం వచ్చే ఏడాది బడ్జెట్‌లోదని మూడు ముక్కలు చేసి చెబుతారు. డబ్బు ఏ జేబులోంచి వచ్చినా, ఒకటి లేకపోతే మిగతా రెండిటికీ అర్థం లేదు కదా. మూడూ ఒకే ప్రాజెక్టుగా రాయి. ముక్కలు చేసి ఒక్కొక్కటీ చిన్నదని చూపించడమే కోర్టులో మొదట పట్టుకునే తప్పు.

బాయిలర్ దగ్గర ఇంకో మెలిక ఉంది. అప్లికేషన్లో "బాయిలర్లు తొలగిస్తాం" అని ఉంటుంది. మెకానికల్ డ్రాయింగుల్లో డిమాలిషన్ షీటు తీసి చూడు. ఒక బాయిలర్ చుట్టూ గీత గీసి "స్టాండ్‌బైగా ఉంచాలి" అని చిన్న అక్షరాలతో రాసి ఉండొచ్చు. మెయింటెనెన్స్ వాళ్ళకి జనవరి చలి అంటే భయం, వాళ్ళని తప్పు పట్టలేం. కానీ బాయిలర్ ఉంటే దాని పర్మిట్ ఉంటుంది, ఆయిల్ ట్యాంకు ఉంటుంది, పొగా ఉంటుంది. తీసెయ్యడం ఒక ప్రాజెక్టు, ఉంచడం ఇంకో ప్రాజెక్టు. ఏదో ఒకటి తేల్చి లిఖితంగా ఇమ్మని అడుగు.

బేస్‌మెంట్‌కి నువ్వే స్వయంగా దిగు. ఫోటోలు చూసి రాయకు. పాత బాయిలర్ గదుల్లో పైపుల మోచేతుల దగ్గర తెల్లగా పిండికట్టులా కనబడేది ఆస్బెస్టాస్ కావచ్చు. నిటారు పైపుల మీద ఫైబర్‌గ్లాస్ వేసి మార్చి ఉంటారు, వంపుల దగ్గర మాత్రం పాతదే వదిలేసి ఉంటారు. సర్వే రిపోర్టు ఎప్పటిదో, అందులో వంపులకి శాంపిల్ తీశారో లేదో చూడు. పైపు మీద 260 అడుగులు గానీ, వేరే ఉపరితలం మీద 160 చదరపు అడుగులు గానీ కదిలించేటట్టయితే పని మొదలుకి కనీసం 10 పనిదినాల ముందు నోటీసు వెళ్ళాలి. పాత ప్రెషర్ కంట్రోళ్ళలో పాదరసం ఉండొచ్చు, అదీ లిస్టులో పెట్టు. భూమిలో ఆయిల్ ట్యాంకు ఉంటే, తవ్వినప్పుడు మట్టి వాసన వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆ మట్టి ఎక్కడికి పోవాలో ముందే రాసి ఉండాలి. ట్రెంచ్ తెరిచాక వెతుక్కుంటే కాంట్రాక్టర్ రోజుకింత అని బిల్లు వేస్తాడు.

భవనం పాతది కాబట్టి 1966 చారిత్రక పరిరక్షణ చట్టం, సెక్షన్ 106 కూడా నడవాలి, అంటే పాత కట్టడానికి హాని ఉందా అన్న పరిశీలన. సీఎక్స్ వచ్చినంత మాత్రాన 106 మాఫీ కాదు, కొత్తవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయానికి (స్టేట్ ఆఫీసు) పూర్తి కాగితాలు అందాక 30 రోజులు ఇవ్వాలి. పైపు గోడలోంచి ఎక్కడ లోపలికి వస్తుందన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న. ముందువైపు రాతిగోడకి కన్నం పెడతామంటే ఉత్తరాలు నడుస్తూనే ఉంటాయి. వెనక సందులో ఒకప్పుడు బొగ్గు దించుకున్న కంత ఏదైనా మూసేసి ఉందేమో చూడు. దాన్ని వాడుకుంటే అందరికీ సుఖం. పని లేదు కదా అని ఇటుక చిమ్నీ కూలగొడతామంటే ఒప్పుకోకు. దానికి టోపీ పెట్టి వదిలెయ్యమను.

అక్కడి ఆదివాసులైన డకోటా తెగలకి ఉత్తరాలు విడిగా వెళ్ళాలి, ఫెడరల్ ఏజెన్సీ పేరు మీదే వెళ్ళాలి. స్టేట్ ఆఫీసుకి రాశాం కదా అంటే సరిపోదు. ఆ ఊళ్ళోనే, నది మీది గుట్టన ఇండియన్ మౌండ్స్ పార్కులో వాళ్ళ పూర్వీకుల సమాధి దిబ్బలున్నాయి. రోడ్డు కింద మట్టి నూరేళ్ళుగా తవ్వి పోసిందే కావచ్చు, అయినా అడగాలి.

ట్రెంచ్ గురించి క్లుప్తంగా: ఎకరం దాటి మట్టి కదిలితే వాననీటి పర్మిట్. చెట్లు కొట్టాల్సి వస్తే గబ్బిలాలు చెట్లలో ఉండే సీజన్ కాకుండా చూసుకోవాలి. ఓక్ చెట్లుంటే ఏప్రిల్ నుంచి జూలై దాకా గాయం చెయ్యకూడదు, ఓక్ విల్ట్ అనే చెట్ల తెగులు అంటుకుంటుంది. ఇవన్నీ షెడ్యూల్‌కి సంబంధించినవే, తేదీలు సర్దుకుంటే సమస్య ఉండదు.

అసలు విషయం పొగ గొట్టం దగ్గరుంది, నువ్వు గోడ అవతల చూడాల్సింది అక్కడే. "భవనంలో ఉద్గారాలు సున్నా అవుతాయి" అని అప్లికేషన్లో రాస్తారు. భవనంలో అవుతాయి, నిజమే. మంట మాత్రం ఆరిపోలేదు కదా, వేడినీళ్ళ ప్లాంటుకి మారింది. ఒక లెక్క చూడు. సహజవాయువు పది లక్షల బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) మండితే సుమారు 53 కిలోల కార్బన్ డయాక్సైడ్. పాత బాయిలర్ సామర్థ్యం 75 శాతం అనుకుంటే, గదికి చేరే పది లక్షల బీటీయూకి 71 కిలోలు. ప్లాంటులో కూడా గ్యాసే మండుతూ, 85 శాతం సామర్థ్యంతో నడిచి, పైపుల్లో 10 శాతం వేడి పోయిందనుకో, 69 కిలోలు. 71కీ 69కీ ఉన్న తేడా కోసం వీధి తవ్వుతున్నామా అని సిటీ కౌన్సిల్‌లో ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?

సెయింట్ పాల్‌లో అదృష్టవశాత్తూ చెప్పడానికి సమాధానం ఉంది. ఆ కంపెనీ 1983లో వేడినీళ్ళు మొదలుపెట్టింది, 1993లో భవనాలు చల్లబరిచే చల్లనీళ్ళు, 2003లో కట్టెతో కరెంటూ వేడీ కలిపి తీసే ప్లాంటు, 2011లో రివర్‌సెంటర్ అనే సభాభవనం కప్పు మీద సోలార్ వేడి, 2021లో బొగ్గుకి స్వస్తి. ఇంధనం ఒకచోట మారిస్తే సుమారు 200 భవనాలకి మారినట్టే, ఈ పద్ధతి గొప్పతనం అదే. అయినా మురిసిపోయి రాయకు. ఆ కట్టెలో చాలాభాగం ఊళ్ళోని చెట్ల వ్యర్థం. 2009లో అక్కడ యాష్ చెట్లని చంపే ఆకుపచ్చ పురుగు బయటపడ్డప్పటి నుంచి కొట్టేస్తున్న యాష్ చెట్లు అందులో చాలా ఉన్నాయి. ఎలాగూ కొట్టే చెట్టే కదా అని కార్బన్ లెక్కలో సున్నా వేస్తారు కొందరు. నేనైతే రెండు వరుసలుగా చూపిస్తాను: కట్టె కార్బన్ కలిపి ఒకటి, కలపకుండా ఒకటి. సన్నటి ధూళి, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కట్టెదైనా గ్యాసుదైనా లెక్కలోకి రావాల్సిందే. కొత్త భవనం భారం ప్లాంటు పర్మిట్ పరిమితిలోనే ఉందని కంపెనీ చేత ఒక ఉత్తరం రాయించుకో.

ఇంత అవసరమా అని మీ లాయర్ అడుగుతాడు. 2025 మే నెలలో యూటా రైలు మార్గం కేసులో సుప్రీంకోర్టు, వేరే ప్రాజెక్టుల ప్రభావాలు చూడనక్కర్లేదని, ఎంతవరకు చూడాలో ఏజెన్సీ ఇష్టమని చెప్పింది. కాబట్టి ప్లాంటు పొగ గురించి రాయకపోయినా నీ ఫైలు కోర్టులో నిలబడచ్చు. నా మాట విని ఒక పేరా రాయి. చదివేది జడ్జి ఒక్కడే కాదు. ఆ ప్లాంటు పక్కవీధిలో ఉండేవాళ్ళు కూడా చదువుతారు.

ఇలాగే ఒకేచోట నీళ్ళు చల్లబరిచి భవనాలకి పంపే అమరావతి ప్రాజెక్టు గురించి మీ నాన్న అడగమన్నాడట. 2019 ఫిబ్రవరిలో సీఆర్‌డీఏ, అబుదాబికి చెందిన తబ్రీద్ కంపెనీతో 20,000 టన్నుల (ఏసీల్ని కొలిచే టన్నులే) చల్లదనానికి ఒప్పందం చేసుకుంది, సెక్రటేరియట్, హైకోర్టు లాంటి భవనాలకి. అక్కడైతే నా మొదటి ప్రశ్న పొగ గురించి కాదు, నీళ్ళ గురించి. కూలింగ్ టవర్లు రోజూ తాగే నీళ్ళు కృష్ణవా, శుద్ధి చేసిన మురుగునీళ్ళా? రెండోదైతే శుద్ధి ఏ స్థాయిదో, ఎండాకాలం కొరత పడితే ఏం చేస్తారో చూడాలి. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ యంత్రాల్లో పోసే గ్యాసు ఏదో కూడా అడగాలి. ఆర్-134ఏ అయితే కిలో కారడమంటే 1,400 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

ప్రాజెక్టు వివరణ డ్రాఫ్ట్ అవగానే నాకు పంపు. ఆ ఒక్క పేజీ చాలు, మిగతాది తర్వాత చూద్దాం. డిమాలిషన్ షీటు కూడా జతచెయ్యి.

ఉంటాను,
పెదనాన్న